పోషణ కుండలో, కారం కంచంలో



ఒకే ఇంట్లో ఆరుగురుంటే ఆరు రుచులు. నాన్నకు కారం ఘాటుగా లేకపోతే ముద్ద దిగదు. తాతయ్యకు బి.పి., ఉప్పు తగ్గించమని డాక్టరుగారు చెప్పారు. మామ్మకు కడుపులో మంట. చంటివాడు కాస్త కారం తగిలినా ఏడుపు అందుకుంటాడు. బడికి వెళ్లే అమ్మాయికి ఏది పెట్టినా నచ్చదు. వీళ్లందరికీ వండిపెట్టేది మాత్రం ఒక్క అమ్మ, ఒక్క పొయ్యి.

ఇలాంటి ఇళ్లలో ఏం జరుగుతుందో మనందరికీ తెలుసు. నాన్న రుచికి వండితే పిల్లలు కూర ముట్టరు. అన్నంలో ఇంత చారో, పంచదారో కలుపుకుని లేచిపోతారు. పిల్లల కోసం చప్పగా వండితే నాన్న కూర పక్కకు నెట్టి ఆవకాయ ముక్కతో అన్నం తినేస్తాడు. రెండు విధాలా వెనక్కిపోయేది బలాన్నిచ్చే కూరే. ఈ గొడవ పడలేక కొందరు తల్లులు పూటకు రెండు మూడు రకాలు వండుతారు. చివరికి తమ వంతు వచ్చేసరికి కుండ అడుగున పులుసునీళ్లు తప్ప ఏమీ మిగలవు.

దీనికి తేలికైన మార్గం ఒకటుంది. బలాన్నిచ్చేవన్నీ కుండలోనే వేయాలి. కారం మాత్రం ఎవరి కంచంలో వారు కలుపుకోవాలి. ఈ పద్ధతి పప్పుకూ, కోడికూరకూ, చేపల పులుసుకూ కూడా పనికొస్తుంది. ఈసారి రాజ్మా కూరను ఉదాహరణగా తీసుకుని చెప్పుకుందాం.

రాజ్మాయే ఎందుకు?

చింతపల్లి, లంబసింగి, గూడెంకొత్తవీధి వైపు కొండల్లో గిరిజన రైతులు చలికాలంలో రాజ్మా పండిస్తారు. 100 గ్రాముల ఎండు గింజల్లో సుమారు 20 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. ఇనుము, పీచు పదార్థం కూడా బాగా ఉంటాయి. మాంసం రోజూ కొనలేని ఇంటికి ఇది మంచి ఆధారం. రాజ్మా దొరకనప్పుడు బొబ్బర్లు, ఉలవలు, సెనగలు ఏవైనా ఇలాగే వండుకోవచ్చు.

మన కొండల పంటగా మారిన ఈ రాజ్మా పుట్టిల్లు అమెరికా ఖండం. మిరప, టమాటా కూడా అక్కడివే. మిరపకాయను 16వ శతాబ్దంలో పోర్చుగీసువారు మన దేశానికి తెచ్చారు. అంతకుముందు మన వంటల్లో కారమంటే మిరియాలు, అల్లం, ఆవాలే. కాబట్టి ‘మిరపకారం లేనిదే వంట కాదు’ అనుకోనక్కర్లేదు. మిరపకాయ రాకముందు కూడా మన పూర్వీకులు రుచిగానే తిన్నారు.

అమెరికాలో ఎండుమిరపకాయలతో ఉడికించే ‘చిల్లీ’ అనే కూర ఉంది. టెక్సస్ రాష్ట్రం 1977లో దాన్ని తమ రాష్ట్ర వంటకంగా ప్రకటించింది. టెక్సస్‌లో దాన్ని ఎక్కువగా మాంసంతోనే వండుతారు. మిగతా చోట్ల చాలామంది అందులో రాజ్మా గింజలు వేస్తారు. అక్కడి ఇళ్లలో కూరను గిన్నెల్లో వడ్డించి ఉల్లిముక్కలు, చీజ్, పుల్లటి మీగడ, మిరపకాయ ముక్కలు విడివిడిగా బల్ల మీద పెట్టడం మామూలే. ఎవరికి కావలసినవి వారు వేసుకుంటారు. ఆ కూర మనకు అక్కర్లేదు గాని, ఆ వడ్డన పద్ధతి మనకు బాగా పనికొస్తుంది.

రుచి వేరు, కారం వేరు

తీపి, పులుపు, ఉప్పు, చేదు నాలుకకు తెలిసే రుచులు. కారం అలాంటిది కాదు. అది ఒక రకమైన మంట. మిరపకాయలో ఉండే ‘కాప్సైసిన్’ అనే పదార్థం, వేడి తగిలినప్పుడు మేలుకునే నరాలనే తట్టి లేపుతుంది. అందుకే కూర చల్లారినా నోరు కాలినట్టు ఉంటుంది. ఈ కాప్సైసిన్ సాయంతోనే డేవిడ్ జూలియస్ అనే శాస్త్రవేత్త, మన శరీరం వేడిని ఎలా గుర్తిస్తుందో కనుగొన్నారు. 2021లో వైద్యశాస్త్ర నోబెల్ బహుమతి అందుకున్న ఇద్దరిలో ఆయన ఒకరు.

ఇది తెలుసుకుంటే వంటింట్లో మూడు లాభాలు ఉన్నాయి.

మొదటిది: కారం తగ్గిస్తే రుచి తగ్గాలని ఏమీ లేదు. ఉల్లి, వెల్లుల్లి, అల్లం, జీలకర్ర, ధనియాలు, కరివేపాకు, కొత్తిమీర, చింతపండు ఇవన్నీ రుచినీ వాసననూ ఇస్తాయి. చంటిపిల్లలు కూడా వీటిని మెల్లగా అలవాటు చేసుకోగలరు.

రెండవది: మిరపకాయలో అసలు కారం గింజల్లో లేదు. గింజలు అంటుకుని ఉండే తెల్లటి ఈనెలో ఉంది. కాయను చీల్చి ఆ ఈనెను గింజలతో సహా గీకేస్తే కారం చాలా తగ్గుతుంది. మిరప వాసన, రంగు మిగులుతాయి.

మూడవది: కాప్సైసిన్ నూనెలో బాగా కరుగుతుంది, నీటిలో దాదాపు కరగదు. మొదట్లోనే పోపులో మిరపకాయలు తుంచి వేస్తే ఆ కారం నూనెతో పాటు కుండంతా పాకుతుంది. అదే పోపు చివర్లో చిన్న గరిటెలో వేసి ఒక్కరి గిన్నెలో ఒంపితే ఆ గిన్నె వరకే ఉంటుంది. నోరు మండినప్పుడు నీళ్లు తాగితే తగ్గకపోవడానికి కారణం కూడా ఇదే. పాలు గాని, పెరుగు గాని, ఒక ముద్ద వట్టి అన్నం గాని తీసుకోండి.

ముందు ఈ జాగ్రత్త తప్పనిసరి

పచ్చి రాజ్మా గింజల్లో, సగం ఉడికిన గింజల్లో ఒక విష పదార్థం ఉంటుంది. నాలుగైదు గింజలు తిన్నా కొన్ని గంటల్లోనే తీవ్రమైన వాంతులు, తర్వాత విరేచనాలు పట్టుకోవచ్చు. బాగా మరిగించి ఉడికిస్తే ఈ విషం పూర్తిగా పోతుంది. కాబట్టి:

• గింజలను రాత్రంతా, అంటే సుమారు 8 గంటలు, ఎక్కువ నీళ్లలో నానబెట్టండి.
• నానిన నీళ్లు పారబోయండి. అందులో వండకండి. దీనివల్ల కడుపుబ్బరం కూడా తగ్గుతుంది.
• కొత్త నీళ్లు పోసి, కుతకుతలాడేలా కనీసం 10 నిమిషాలు మరిగించండి. అరగంట మరిగిస్తే ఇంకా మంచిది. ఆ తర్వాతే మంట తగ్గించి మెత్తబడేవరకు ఉడికించండి.
• మొదటినుంచీ సన్నని సెగ మీద పెట్టి గంటల తరబడి వదిలేయకండి. సరిగా మరగని గింజల్లో విషం తగ్గకపోగా పెరగవచ్చు.

అరకు వంటి ఎత్తైన చోట్ల నీరు 100 డిగ్రీలకు కాస్త ముందే మరుగుతుంది. అందువల్ల గింజ మెత్తబడడానికి ఎక్కువసేపు పడుతుంది. కుక్కరు ఉంటే కట్టెలూ గ్యాసూ కలిసొస్తాయి. గింజను రెండు వేళ్ల మధ్య నొక్కితే వెన్నలా నలగాలి. లోపల పలుకు తగిలితే ఇంకా ఉడకనట్టే.

వండే విధానం (ఆరుగురికి)

కావలసినవి: రాజ్మా పావుకిలో, పెద్ద ఉల్లిపాయలు రెండు, పండిన టమాటాలు నాలుగు, వెల్లుల్లి ఆరు రెబ్బలు, అంగుళం అల్లం ముక్క, పసుపు అర చెంచా, ధనియాల పొడి రెండు చెంచాలు, జీలకర్ర ఒక చెంచా, గుమ్మడి ముక్కలు రెండు గుప్పెళ్లు, మునగాకు ఒక గుప్పెడు, నూనె రెండు పెద్ద చెంచాలు, కరివేపాకు, కొత్తిమీర, అయోడిన్ ఉప్పు తలగొట్టిన ఒక చిన్న చెంచా.

1. పైన చెప్పినట్టు గింజలను ఉప్పు వేయకుండా మెత్తగా ఉడికించండి. పులుపు తగిలితే గింజ త్వరగా మెత్తబడదు. కాబట్టి టమాటా, చింతపండు ఇప్పుడే వేయకండి.

2. ఇంట్లో ఆరు నెలలు దాటిన బిడ్డ ఉంటే ఈ దశలోనే రెండు చెంచాల గింజలు తీసి మెత్తగా మెదిపి, కాస్త నెయ్యి కలిపి పక్కన పెట్టండి. ఏడాది లోపు బిడ్డ ఆహారంలో ఉప్పు కలపనక్కర్లేదు.

3. వేరే గిన్నెలో నూనె కాగాక జీలకర్ర, కరివేపాకు, ఉల్లిముక్కలు వేసి నిదానంగా, ఎర్రగా వేయించండి. తొందరపడకండి. కారం తగ్గించిన కూరకు కమ్మదనం ఇచ్చేది ఈ వేగిన ఉల్లిపాయే. తర్వాత దంచిన అల్లం, వెల్లుల్లి, పసుపు, ధనియాల పొడి వేసి కలపండి.

4. టమాటా ముక్కలు వేసి గుజ్జయ్యేవరకు మగ్గనివ్వండి. గుమ్మడి ముక్కలు, ఉడికిన గింజలు, కొంచెం నీళ్లు వేసి పావుగంట ఉడికించండి.

5. ఒక గరిటెడు గింజలను గిన్నె అంచుకు నొక్కి మెదపండి. పులుసు చిక్కబడుతుంది.

6. దించే ముందు మునగాకు వేసి రెండు మూడు నిమిషాలు ఉడకనిచ్చి, ఉప్పు, కొత్తిమీర వేయండి. చివర్లో వేసిన ఉప్పు తక్కువైనా నాలుకకు బాగా తెలుస్తుంది.

మిరప వాసన కావాలనుకుంటే ఈనె తీసిన ఎండుమిరపకాయలు రెండు, తుంచకుండా వేసి, వడ్డించే ముందు తీసేయండి. ఇదీ మన కుండ కూర. ఇంట్లో ఎవరైనా తినవచ్చు.

కంచం పక్కన చిన్న గిన్నెలు

ఇప్పుడు కూరకు ప్రాణం పోద్దాం. ఈ కిందివాటిలో మూడో నాలుగో చిన్న గిన్నెల్లో పెడితే చాలు. అన్నీ ఒకే పూట అవసరం లేదు.

ఘాటైనది: ఎండుమిరపకాయలు వేయించి, వెల్లుల్లి, జీలకర్రతో దంచిన కారం. ఇందులో ఉప్పు వేయకండి. అప్పుడు కారం ఎంత వేసుకున్నా ఉప్పు పెరగదు.

వేడివేడి పోపు: చిన్న గరిటెలో చెంచాడు నూనె, ఆవాలు, తుంచిన ఎండుమిర్చి. ఘాటు కోరేవారి గిన్నెలో చుయ్‌మనేలా ఒంపండి.

మిరియాల పొడి: అరకు, పాడేరు కాఫీ తోటల్లో చెట్లకు పాకించిన మిరియాల తీగలు మీరు చూసే ఉంటారు. చిటికెడు మిరియాల పొడి మరో రకం ఘాటునిస్తుంది.

ఆవపిండి: ఆవపెట్టిన కూర మన ఉత్తరాంధ్ర వారికి కొత్త కాదు. నూరిన ఆవ కొద్దిగా పెరుగులో కలిపి పెడితే ముక్కుకు ఘాటు తగులుతుంది, నోరు మండదు.

పుల్లనిది: నిమ్మచెక్క. ఉప్పు తగ్గిన లోటు పులుపుతో చాలావరకు తీరుతుంది. పైగా నిమ్మరసంలోని సి విటమిన్, గింజల్లోని ఇనుము ఒంటికి పట్టడానికి సాయపడుతుంది.

చల్లనిది: పెరుగులో తరిగిన దోసముక్కలు. కారం తినలేనివారు కూరలో కలుపుకోవచ్చు.

కమ్మనిది: వేయించి దంచిన నువ్వులు గాని, వేరుశనగలు గాని. పిల్లలకు ఇది బాగా నచ్చుతుంది. వేరుశనగలను చిన్నపిల్లలకు పొడిగానే పెట్టండి, పలుకులుగా వద్దు, గొంతుకు అడ్డం పడే ప్రమాదం ఉంది.

మాంసాహారం లేనిదే తృప్తి లేనివారికి ఒక ఉడికించిన గుడ్డును కోసి పైన పెట్టండి. ఎండుచేప వేయించి పెట్టేటట్లయితే దానిలో ఉప్పు ఎక్కువని గుర్తుంచుకుని, ముందు నీళ్లలో నానబెట్టి కడగండి. బి.పి. ఉన్నవారికి పెట్టకండి.

ఎవరికి ఎలా వడ్డించాలి?

పిల్లలకు: చప్పటి కూర, నువ్వుల పొడి, కావాలంటే పెరుగు. ఒకసారి వద్దన్నారని మానేయకండి. కొత్త రుచి పిల్లలకు నచ్చడానికి ఎనిమిది, పది సార్లయినా రుచి చూపించవలసి వస్తుంది. బలవంతం చేయకండి. పెద్దవాళ్లు పక్కన కూర్చుని అదే కూర తింటుంటే పిల్లలు వాళ్లంతట వాళ్లే చేయి చాపుతారు. కారం కూడా వాళ్లే అడిగినప్పుడు గోటితో తీసినంత వేసి అలవాటు చేయవచ్చు.

బి.పి. ఉన్నవారికి: పెద్దవాళ్లకు రోజు మొత్తానికి 5 గ్రాముల లోపు ఉప్పు, అంటే సుమారు ఒక చిన్న చెంచా, చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. పైన చెప్పిన కొలతతో వండితే ఒక్కొక్కరికి కూర నుంచి ఒక గ్రాము లోపే వస్తుంది. అయితే పక్కనే ఆవకాయ, అప్పడం పెట్టుకుంటే ఈ జాగ్రత్తంతా వృథా. నిమ్మ, మిరియాలు, వెల్లుల్లి కారం వాడుకోండి. ‘తక్కువ సోడియం ఉప్పు’ అని అమ్మేవాటిలో పొటాషియం ఉంటుంది. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు, కొన్ని రకాల బి.పి. మందులు వాడేవారు డాక్టరును అడగకుండా వాటిని వాడకూడదు.

చక్కెర వ్యాధి ఉన్నవారికి: అన్నం తగ్గించి కూర ఎక్కువగా వేసుకోండి. కొర్రలు, సామలు వండినా, చోడి సంకటితో తిన్నా పరిమాణం మాత్రం చూసుకోండి.

కడుపులో మంట, మొలలు ఉన్నవారికి: చప్పటి కూర, పెరుగు. రాత్రి భోజనం తొందరగా ముగించండి.

మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి: పప్పుగింజలు ఎంత తినవచ్చో మీ డాక్టరుగారు చెప్పినదే కొలత. ఈ వ్యాసాన్ని బట్టి పెంచుకోకండి.

ఇల్లాలికి: ఇది అన్నిటికంటే ముఖ్యం. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో సగం కంటే ఎక్కువ మందికి రక్తహీనత ఉంది. దీనికి కారణాలు చాలా ఉన్నాయి. అందరికీ పెట్టి ఆఖరున తినడం, ఉన్నదానితో సరిపెట్టుకోవడం వాటిలో ఒకటి. కూర దించగానే ఇంట్లో ఎంతమంది ఉంటే అన్ని గిన్నెల్లోకి గింజలు తీసేయండి. అందులో వండిన తల్లి గిన్నె కూడా ఉండాలి. గర్భిణి గాని, పాలిచ్చే తల్లి గాని ఉంటే ఆ గిన్నెలో ఒక గరిటె ఎక్కువే వేయండి. భోజనం అయిన వెంటనే టీ తాగకండి, గంటసేపు ఆగండి. టీ ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. ఐరన్ మాత్ర కూడా టీతో వేసుకోకూడదు. ఈ విషయం ఇంటి మగవారు చదివి పాటిస్తే ఆ తల్లికి సగం మందు అందినట్టే.

కూరలో కారం ఎక్కువైతే?

నీళ్లు పోస్తే కూర పలచబడుతుంది గాని మంట తగ్గదు. ఉడికించిన బంగాళాదుంప గాని, గుమ్మడి గాని, మరికొన్ని ఉడికిన గింజలు గాని కలపండి. దించాక చిలికిన పెరుగు గాని, నూరిన వేరుశనగ ముద్ద గాని కలిపితే మంట బాగా తగ్గుతుంది. చిన్న బెల్లం ముక్క కూడా సాయపడుతుంది, చక్కెర వ్యాధి ఉన్నవారి ఇంట్లో అది వద్దు.

మిరపకాయలు తరిగిన చేతికి మంట పుడితే ముందు నూనె రాసి, తర్వాత సబ్బుతో కడగండి. ఆ చేత్తో కళ్లు తుడుచుకోకండి, చంటిబిడ్డను ఎత్తుకోకండి. కారం కంట్లో పడితే నలపకుండా మంచినీళ్లతో చాలాసేపు కడగండి. మంట, ఎరుపు తగ్గకపోతే ఆసుపత్రికి రండి. వానాకాలంలో చెమ్మకు బూజు పట్టిన మిరపకాయలు ఎండబెట్టి వాడుకోవద్దు, పారేయండి. బూజులోని విషం ఎండకు పోదు.

తరచుగా అడిగే ప్రశ్నలు

కారం తింటే కడుపులో పుండ్లు వస్తాయా?

కడుపులో పుండ్లకు ముఖ్య కారణాలు రెండు. ఒకటి ‘హెలికోబాక్టర్ పైలోరి’ అనే సూక్ష్మజీవి. దీన్ని కనుగొన్న బారీ మార్షల్, రాబిన్ వారెన్ అనే ఆస్ట్రేలియా వైద్యులకు 2005లో నోబెల్ బహుమతి వచ్చింది. రెండవది, నొప్పి మాత్రలు ఇష్టం వచ్చినట్టు మింగడం. కారం పుండును పుట్టించదు, ఉన్న పుండును మండిస్తుంది. కాబట్టి కారం మానేసి ఊరుకోకుండా పరీక్ష చేయించుకోండి. ఆ సూక్ష్మజీవికి మందులు ఉన్నాయి. మలం నల్లగా తారులా వచ్చినా, వాంతిలో రక్తం పడినా ఆలస్యం చేయకుండా రావాలి.

కారం వల్ల బి.పి. పెరుగుతుందా?

బి.పి. పెంచేది ఎక్కువగా కారంతో పాటు వెళ్లే ఉప్పు. ఊరగాయలోనూ, కొన్న కారప్పొడుల్లోనూ ఉప్పు దాగి ఉంటుంది. అందుకే ఉప్పు లేని కారం ఇంట్లో దంచుకోమన్నాం.

ఇన్ని గిన్నెలు పెట్టడం పెద్ద పని కాదా?

వెల్లుల్లి కారం, నువ్వుల పొడి వారానికి ఒకసారి దంచి సీసాల్లో పెట్టుకోవచ్చు. మిగిలింది నిమ్మకాయ కోయడం, పెరుగు గిన్నె పెట్టడం. మూడు కూరలు వండడం కంటే ఇది ఎంతో సులువు. గిన్నెలు పెట్టే పని పిల్లలకు అప్పగించండి. తాము పెట్టిన గిన్నెలోది తినడానికి పిల్లలు ఇష్టపడతారు.

సంఘంలో విందులకు ఇలా చేయవచ్చా?

తప్పకుండా. పంట పండుగకో, పెళ్లికో వందమందికి వండేటప్పుడు పెద్ద డేగిశాలో కారం తక్కువ వేసి, వడ్డనలో కారం, నిమ్మచెక్క, పెరుగు విడిగా తిప్పండి. అడ్డాకు విస్తరి ముందు కూర్చున్న ముసలివారు, పిల్లలు, మందులు వాడేవారు కూడా కడుపునిండా తింటారు. మిగిలిన కూరను గంటల తరబడి బయట ఉంచకండి. మళ్లీ తినేముందు బాగా తెర్లేలా కాచండి. వాసన మారితే పారబోయండి.

గుర్తుంచుకోండి

• రాజ్మా నానబెట్టాలి, ఆ నీళ్లు పారబోయాలి, తెర్లేలా మరిగించాలి.
• గింజలు, కూరగాయలు, ఆకు కుండలో. కారం, పులుపు, పెరుగు కంచంలో.
• పులుపు గింజ మెత్తబడ్డాక, ఉప్పు చివర్లో.
• చంటిబిడ్డ వాటా ఉప్పు వేయకముందే తీయాలి.
• అమ్మ గిన్నె ముందే నిండాలి.

మీ ఇంట్లో ఎవరికైనా ప్రత్యేకమైన పథ్యం ఉంటే, వారు వాడే మందుల చీటీ తీసుకుని వచ్చి ఈ కూర ఎంత తినవచ్చో డాక్టరుగారిని గాని, సిస్టరుగారిని గాని అడిగి తెలుసుకోండి.